చేతి జట్టు

జట్లు కట్టి పాఠం చెప్పడం నేనే కనిపెట్టాననుకునేదాన్ని. అరవైల చివర్లో మాట. నాకు ఇరవయ్యో ఏడు నడుస్తోంది. విజయనగరంలో టీచరు ట్రైనింగు పూర్తిచేసి, నరసన్నపేటకి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఒక పల్లెకి, ఎలిమెంటరీ బడిలో రెండో టీచరుగా వెళ్ళాను. మొదటి టీచరు హెడ్మాస్టరు గారే. ఆయనకి రిటైరవడానికి మూడేళ్ళుంది. బడి వరండాలో ఒక మూల పోస్టాఫీసు కూడా ఆయనే నడుపుతూ, కార్డులూ కవర్లూ ఇచ్చే మధ్య తీరికలో ఈతబెత్తంతో చదువు చెప్పేవారు. నన్ను చూడగానే అయిదో తరగతి నాకు అప్పగించి, చిన్న తరగతుల్ని తన దగ్గర ఉంచుకున్నారు.

నేను పొంగిపోయాను. ట్రైనింగులో మాకు పాఠం చెప్పే తీరు నేర్పిన మాష్టారొకరు, పిల్లలందరూ ఒకే దారిన నేర్చుకోరు, కొందరికి చెప్పాలి, కొందరికి చూపించాలి, కొందరిచేత చేయించాలి అని ఏడాది పొడుగునా అంటూ ఉండేవారు. నాతో చదివినవాళ్ళు ఆ మాట పరీక్షలో రాసి అక్కడే వదిలేశారు. నేను వెంట తెచ్చుకున్నాను. తెచ్చుకోకపోతే ఎవరికీ ఏ నష్టమూ లేకపోయేదని ఇప్పుడనిపిస్తుంది.

తరగతిలో పంతొమ్మిది మంది. మొదటి నెల పాఠం తక్కువ, పిల్లల్ని కనిపెట్టి చూడడం ఎక్కువ. ఒక్కసారి వింటే పొల్లుపోకుండా అప్పజెప్పేవాళ్ళు ఆరుగురున్నారు. నల్లబల్ల మీద రాసి చూపిస్తేనో, పుస్తకంలో బొమ్మ చూస్తేనో పట్టుకునేవాళ్ళు ఆరుగురు. మిగతా ఏడుగురూ పుస్తకం ముందు పెడితే గోడకేసి చూసేవారు. చేతికేదైనా ఇచ్చి చెయ్యమంటే మాత్రం ప్రాణం లేచివచ్చేది వాళ్ళకి. ఒక నోటుపుస్తకంలో గళ్ళు గీసుకుని, ఎవరెవరు ఏ రకమో రాసుకుని, మూడు జట్లు చేశాను. చెవి జట్టు, కంటి జట్టు, చేతి జట్టు. ఏ పాఠమైనా మూడు జట్లూ కలిసి చెయ్యాలి. చేతి జట్టు వస్తువు తయారుచేస్తుంది. కంటి జట్టు పుస్తకం చదివి, పేర్లు అట్టముక్కల మీద రాసి దానికి తగిలిస్తుంది. చెవి జట్టు అదంతా విని, నిలబడి చెబుతుంది. ఎవరికి వచ్చిన పని వాళ్ళు చేస్తారు. రాని పని ఎవరి మీదా పడదు కాబట్టి ఎవరికీ దెబ్బల్లేవు. రాత్రిళ్ళు ఆ నోటుపుస్తకం తీసి చూసుకుని నాలో నేనే మెచ్చుకునేదాన్ని.

చేతి జట్టుకి పెద్ద ఒక ఆడపిల్ల. కాలవ అవతలి పేట నుంచి వచ్చేది. బడిలో ఆలస్యంగా వేశారు కాబట్టి అందరికంటే తల పొడుగు. తండ్రి ఊళ్ళో ఒక రైతు దగ్గర కంబారి, అంటే ఏడాది ఒప్పందం మీద ఇంటిపనీ పొలంపనీ చేసేవాడు. ఆ ఒప్పందాలు ఏటా ఏరువాక పున్నానికి మొదలవుతాయి. వచ్చే ఏరువాకకి పశువుల దగ్గరికి కూతుర్ని కూడా పంపమని ఆ రైతు అప్పటికే అడుగుతున్నాడు. తల్లి అడ్డం పడింది. నరసన్నపేట హైస్కూల్లో ఆరో తరగతిలో సీటొస్తే, పక్కనే ఆడపిల్లల హాస్టలుంది, తిండికీ బట్టకీ చూసుకోనక్కర్లేదు. సీటొస్తే చదువు, రాకపోతే పశువులు అని మొగుడి దగ్గర మాట పుచ్చుకుంది. సీటు రావాలంటే హైస్కూలు వాళ్ళు పెట్టే ఎంట్రన్సు పరీక్ష గట్టెక్కాలి. ఒక పేజీ పైకి చదవాలి, డిక్టేషను రాయాలి, రెండు లెక్కలు చెయ్యాలి. ఇదంతా ఆ తల్లే ఒకనాడు బడి గుమ్మం దగ్గర నిలబడి నాకు చెప్పింది.

"మీనాగ పంతులమ్మ అవ్వాలమ్మగోరూ అది," అంది.

"ఎందుకవదు, తప్పకుండా అవుతుంది," అన్నాను. అంత తేలిగ్గా అనేశాను.

కొలతల పాఠం రోజున హెడ్మాస్టరు గారింటి నుంచి గింజలు కొలిచే కుంచం, అడ్డ, మానిక, తవ్వ తెప్పించి, వాకిట్లో ఇసక పోయించాను. ఆ పిల్ల కుంచం నింపి, పైన అరచేత్తో చదును చేసి, "లాభం" అంటూ కుమ్మరించింది. తర్వాత "రెండు, మూడు" అంది. కంటి జట్టు పిల్లలు గొల్లుమన్నారు. ఒకటి అనాలమ్మా అన్నాను.

"కళ్ళంలో ఒకటి అనరమ్మగోరూ. తొలి కుంచం లాభవే," అంది, నాకా మాత్రం తెలీనందుకు ఆశ్చర్యపోతూ.

ఆ మధ్యాహ్నం నేను నోటితో అడిగిన ప్రతి లెక్కకీ, ఎన్ని కుంచాలకి ఎన్ని తవ్వలో, ఎన్ని మానికలకి ఎన్ని అడ్డలో, కంటి జట్టు బలపం పట్టుకునేలోపే జవాబు చెప్పేసింది. ఇంత తెలివైన పిల్లని నేనే వెలికి తీశానని మురిసిపోయాను. ఆ తెలివి దానికి కళ్ళంలో వచ్చింది. నేను చేసింది కుంచం తెప్పించడమే.

పుస్తకం దగ్గరికొస్తే వేరే కథ. అక్షరాలు వచ్చు, గుణింతాలు వచ్చు. కూడబలుక్కుంటూ ఒక వాక్యం లాక్కొచ్చేది. ఒత్తు అడ్డం వస్తే ఆగిపోయి, మొహమంతా చెమట పట్టి, నాకేసి చూసేది. ఆ చూపు నేను భరించలేకపోయేదాన్ని. "పోనీలే, నువ్వెళ్ళి మట్టి తడుపు," అనేదాన్ని. అది దయ అనుకున్నాను. ఇంకో పది నిమిషాలు పక్కన కూర్చుంటే ఆ ఒత్తు దాటేదే. ఆ పది నిమిషాలు నాకు విసుగు, మట్టి పని నాకు సుళువు. అంతకుమించి అందులో దయా లేదు, ధర్మమూ లేదు.

ఊడుపుల రోజుల్లో ఆ తల్లి మళ్ళీ వచ్చింది. మోకాళ్ళ దాకా బురద. బడి మెట్టు ఎక్కలేదు. కింద నిలబడే అడిగింది.

"అమ్మగోరూ, మా పిల్ల బల్లో ఏటి సేస్తన్నాది? ఎప్పుడు సూసినా గోళ్ళల్లో మట్టే కనిపిస్తన్నాది. పుస్తకం సదవదేటి?"

నేను కుర్చీ లాక్కుని కూర్చుని, ఆవిడకి నా ట్రైనింగంతా చెప్పాను. మీ అమ్మాయి చేత్తో నేర్చుకునే పిల్ల, పుస్తకంతో బలవంతం చేస్తే బెదిరిపోతుంది, చెయ్యగా చెయ్యగా చదువు దానంతటదే వస్తుంది అన్నాను. ఆవిడ అంతా విన్నది.

"మట్టి పిసకడానికి బడెందుకమ్మా? ఇంటికాడ నేదా మట్టి?" అంది చివరికి.

నేను నవ్వాను. మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. "ఏటో మరి. సదూకున్నోరు, మీకు తెలవదేటి," అని కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆవిణ్ణి ఒప్పించాననుకున్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. నా చదువు చూసి తగ్గింది, అంతే. ఆ తేడా తెలుసుకునే పాటి బుద్ధి నాకు అప్పుడు లేదు.

హెడ్మాస్టరు గారైతే మొహం మీదే అనేశారు. ఒక సాయంత్రం బడి వదిలాక, ఆయన బెత్తానికి నూనె రాసుకుంటూ నన్ను పిలిచారు.

"మీ జట్లు బావున్నాయమ్మా. చెవి జట్టు పెద్ద వీధి, కంటి జట్టు కొట్ల వీధి, చేతి జట్టు కాలవ అవతలి పేట. ఊరు కూర్చోబెట్టిన వరసలోనే మీరూ కూర్చోబెట్టారు. శ్రమ పడ్డారు గాని, నన్నడిగితే మొదటి రోజే చెప్పేవాణ్ణి."

నాకు ముక్కు మీదే కోపం. "నేను వీధులు చూడలేదండీ, పిల్లల్ని చూశాను," అన్నాను.

"నా బెత్తం వీధులూ చూడదు, పిల్లల్నీ చూడదు. అందరి వీపుల మీదా ఒక్కలాగే పడుతుంది. అందరిచేతా అదే పేజీ చదివిస్తుంది," అన్నారాయన.

ఇలాంటి మనిషితో మాటలేమిటని వచ్చేశాను. బసకి వెళ్ళి నోటుపుస్తకం తీసి చూసుకుంటే, ఇద్దరు తప్ప అంతా ఆయన చెప్పినట్టే ఉంది. పెద్ద వీధి పిల్లలు పుట్టినప్పటి నుంచీ ఇంట్లో పెద్దలు పద్యాలు చదువుతుంటే వింటూ పెరిగినవాళ్ళు. కొట్ల వీధి పిల్లల ఇళ్ళ నిండా అచ్చు కాగితాలే. పేట పిల్లలకి నడక వచ్చిన దగ్గర్నుంచీ చేతినిండా పని. నేను కనిపెట్టానన్న గుణాలు వాళ్ళ ఇళ్ళు వాళ్ళకిచ్చిన అలవాట్లు. అదంతా నాకు ఆ రోజే అర్థమైంది. అర్థమయ్యాక జట్లు కలిపెయ్యాలి గదా? కలపలేదు. కలిపితే హెడ్మాస్టరు గారిదే నెగ్గినట్టవుతుందని పంతం పట్టాను.

సంక్రాంతి వెళ్ళాక డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. నదుల పాఠం చూపిద్దామనుకున్నాను. చేతి జట్టు వాకిట్లో కొండల నుంచి సముద్రం దాకా వంశధారనీ నాగావళినీ మట్టితో చెయ్యాలి. తక్కిన రెండు జట్లూ వాటి పనులు చెయ్యాలి. వారం రోజులు అదే సాధన. మూడో రోజున ఆ పిల్ల చేతులు కడుక్కుని, పావడాకి తుడుచుకుని, కంటి జట్టు వరసలో చివర వచ్చి కూర్చుంది.

"ఇక్కడికొచ్చావేం?" అన్నాను.

"నానీయేల ఈ జట్టులో కూకుంతానమ్మగోరూ. నాకూ సదవడం రావాల గదా," అంది. మెల్లిగా అంది గాని, నన్ను సూటిగా చూస్తూనే అంది.

"నువ్వొచ్చేస్తే నదులు ఎవరు చేస్తారు? వెళ్ళు, ఇన్‌స్పెక్టరు గారు వెళ్ళాక చూద్దాం," అన్నాను.

వెళ్ళింది. ఆ రోజు మరీ శ్రద్ధగా చేసింది. ఆ ఏడాదంతటిలో, పంతొమ్మిది మంది పిల్లల్లో, ఎవరి జట్టులో వాళ్ళుండాలన్న నా లెక్క తప్పని నాకు చెప్పినది ఆ పిల్ల ఒక్కతే. చదువు రావాలని నోరు విప్పి అడిగిన పిల్లని నేను లేపి పంపేశాను.

ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు, చూశారు. కళింగపట్నం దగ్గర ఏరు సముద్రంలో కలిసే చోట అడ్డంగా ఒక ఇసక తిప్ప పెట్టింది ఆ పిల్ల. ఇదేమిటని అడిగారాయన. కోతలకెళ్ళినప్పుడు చూశానని, వేసవికి ఆ నోరు పూడుకుపోతాదని చెప్పింది. ఆయన కుర్చీలోంచి లేచి వచ్చి ముణుకుల మీద కూర్చుని చూశారు. విజిట్ బుక్కులో నా గురించి ఒక పేజీ రాశారు. పిల్లలచేత పుస్తకం చదివించి చూడాలని ఆయనకి తోచలేదు. తోచకుండా ఉండడానికే కదా నేను అన్ని హంగులు చేసింది. వెళ్తూ వెళ్తూ, ఈ పాఠం నరసన్నపేటలో టీచర్ల మీటింగులో చేసి చూపించాలని ఆర్డరు వేశారు.

దాంతో ఇంకో నెల పోయింది. నలభై మంది టీచర్ల ముందు, హైస్కూలు ఆవరణలో, ఆ పిల్ల మళ్ళీ రెండు నదులూ చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. హైస్కూలు తెలుగు మాష్టారు ఒకాయన మెచ్చుకుని, ఈ చేతులు బంగారం అన్నారు. నాకు శాలువా కప్పారు. ఆ పిల్లకి రెండు బిస్కట్లు ఇచ్చారు. ఒకటి తిని, రెండోది తమ్ముడికని పావడా అంచున ముడేసుకుంది. తిరిగి వస్తూ దారిలో, ఎండాకాలం సెలవుల్లో ఇక్కడే ఉండి నీకు చదువు చెబుతానని దానికి మాటిచ్చాను. తల్లికీ అదే చెప్పాను. సెలవులివ్వగానే శాలువా పెట్టెలో పెట్టుకుని విజయనగరం బస్సెక్కాను. అమ్మా నాన్నలకి ఆ శాలువా చూపించాలి మరి.

జూన్‌లో బడి తెరిచిన వారానికే ఎంట్రన్సు పరీక్ష. అయిదుగురు పిల్లల్ని తీసుకుని తెల్లారకుండా బయల్దేరాను. ఆ పిల్లకి తల్లి తలనిండా నూనె రాసి బిగించి జడ వేసింది. ఉతికిన పావడా కట్టింది. పరీక్ష పెట్టింది, చేతులు బంగారమన్న ఆ తెలుగు మాష్టారే. వరండాలో కిటికీ దగ్గర నిలబడ్డాను. లోపల జరిగేదంతా నాకు కనిపిస్తోంది, వినిపిస్తోంది.

పుస్తకం చేతికిచ్చి చదవమన్నారు. మొదటి లైను కూడబలుక్కుంది. రెండో లైనులో ఒత్తు వచ్చింది. ఆగింది. తల తిప్పి గది నలుమూలలా నా కోసం వెతికింది. నన్ను చూసింది. ఎప్పటిలాగే చెమట పట్టిన ఆ చూపు. మట్టి తడుపు అని చెప్పడానికి అక్కడ మట్టి లేదు. డిక్టేషను అయింది. లెక్కలు నల్లబల్ల మీద రాశారు. అయిదు కుంచాల పెసలు మనిషికి మానిక చొప్పున పంచితే ఎంతమందికి వస్తాయి అని మొదటి లెక్క. ఆ పిల్ల దాన్ని చదువుతూనే ఉంది. పక్కవాళ్ళు రెండో లెక్కలో పడ్డారు. అది ఇంకా పెసల దగ్గరే ఉంది.

నేను గుమ్మంలోకి వెళ్ళిపోయాను. "మాష్టారూ, ఆ లెక్క ఒక్కసారి పైకి చదవండి. వింటే చాలు, చెప్పేస్తుంది," అన్నాను.

"ఆ పిల్ల నాకు గుర్తుందమ్మా. ఆ రోజు చాలా బాగా చేసింది," అన్నారాయన. మర్యాదగానే అన్నారు. "కాని ఇది పరీక్ష. లెక్క చదువుకోవడం కూడా పరీక్షలో భాగమే. అయిదో తరగతి దాటి వచ్చిన పిల్లకి ఆ మాత్రం చదవడం నేర్పలేదా మీరు?"

ఆ రోజు చప్పట్లు కొట్టిన చేతులూ ఆయనవే, నన్ను నిలదీసిన నోరూ ఆయనదే. ఆయన మీద ఏళ్ళ తరబడి మండిపడ్డాను. ఆయన అడిగిన దాంట్లో తప్పేముందని ఒక్కసారి కూడా అనుకోకుండా మండిపడ్డాను. 

మధ్యాహ్నానికి పేర్లు చదివారు. నలుగురికి సీటొచ్చింది. వాళ్ళలో ఇద్దరు, కుంచానికి ఎన్ని తవ్వలో ఇప్పటికీ చెప్పలేరు. వాళ్ళు చదవగలరు, అంతే.

తిరుగుదారిలో ఆ నలుగురూ ముందు గెంతుకుంటూ పోతున్నారు. ఆ పిల్ల నా పక్కనే నడిచింది. ఏడవలేదు. ఎండ మాడ్చేస్తోంది. సగం దూరం వచ్చాక అదే పలకరించింది.

"అమ్మగోరూ, ఇది కంటి జట్టోల్ల హైస్కూలు గదా?"

నేను కొంగు తల మీదికి లాక్కున్నాను.

"మరి సేతి జట్టోల్ల హైస్కూలు ఏ ఊల్లో ఉన్నాది?"

అందులో వెటకారమేమీ లేదు. నిజంగానే అడిగింది. నేర్చుకునే దారులు మూడున్నాయని ఏడాది పాటు నేనే చెప్పాను. మూడు దారులున్నప్పుడు మూడింటి చివరా ఒక బడి ఉంటుందని అది నమ్మింది. ఇవాళ తప్పు బడికి తీసుకెళ్ళానని, సరైన బడి వేరే ఊళ్ళో ఉందని, నేను రేపో ఎల్లుండో అక్కడికి తీసుకెళ్తానని అనుకుంటోంది. అలాంటిది ఎక్కడా లేదమ్మా అనడానికి నాకు నోరు రాలేదు. "కనుక్కుంటాను," అన్నాను. సరేనని తలూపి, కాస్త హుషారుగా నడిచింది.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. ఇంకొక్క ఏడాది ఆగండి, ఈసారి నేను పక్కన కూర్చుని చదివిస్తాను అన్నాను. తండ్రి మంచం మీంచి లేచి నిలబడ్డాడు.

"ఏరువాకకి ఒప్పీసుకున్నాను తల్లీ. సీటొస్తే సదువని అనుకున్నాం. రానేదు. ఇంకేటి సేత్తాం," అన్నాడు.

తల్లి పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. నాకేసి తిరగలేదు. నన్నొక మాట అంటే బాగుండునని నిలబడ్డాను. ఆవిడ పొయ్యిలో పుల్లలు ఎగదోసింది.

ఏరువాక వెళ్ళిన మర్నాటి నుంచీ ఆ పిల్ల రైతు గారి పశువుల్ని తోలుకుని బడి ముందు నుంచే పోయేది. బడి కిటికీ దగ్గర ఆగి, కమ్మీలు పట్టుకుని లోపలికి తొంగిచూసేది. అప్పటికి నేను కొత్త అయిదో తరగతికి పాఠం చెబుతూ ఉండేదాన్ని. జట్లు లేవు. అందరూ వరసగా కూర్చుని, ఒకే పేజీ, పైకి చదవడమే.

"కనుక్కున్నారేటమ్మగోరూ?" అని అడిగేది.

"ఉత్తరం రాశానమ్మా, జవాబు రావాలి," అనేదాన్ని. నేను ఎవరికీ ఏ ఉత్తరమూ రాయలేదు. ఎవరికి రాయను?

ఆషాఢమంతా అడిగింది. నేను అదే అబద్ధం ఆడుతూ వచ్చాను. శ్రావణంలో ఒకనాటి పొద్దున్న ఆగకుండా, కిటికీ వైపు తల తిప్పకుండా, పశువుల వెనకాల వెళ్ళిపోయింది. మర్నాడూ అంతే. ఉన్నమాట చెప్పాలంటే, అది ఇక అడగదని తెలిసిన రోజున నాకు హాయిగా అనిపించింది.